హెచ్ పైపా, ఎక్స్ పైపా? వీ8 గొంతు మార్చే ముందు

మణికొండ మిత్రుడు అడిగింది క్లుప్తంగా ఇదీ: సెకండ్ హ్యాండ్‌లో 2017 మస్టాంగ్ జీటీ కొన్నారు. ఐదు లీటర్ల వీ8, ఆటోమేటిక్. బండి బాగుంది కానీ శబ్దం మరీ మర్యాదగా ఉంది, పాత అమెరికన్ మజిల్ కార్లలా గుబగుబమనాలి. వీ8 రెండు వైపుల పొగగొట్టాలనూ మధ్యలో కలిపే ముక్కలు రెండు రకాలు, హెచ్ పైపు, ఎక్స్ పైపు. ఒక షాపులో ఎక్స్ పైపు వేస్తే సౌండ్ మారడమే కాదు, ఇరవై హార్స్‌పవర్ కూడా పెరుగుతుందన్నారట. ఇంకో షాపులో హెచ్ పైపే కరెక్ట్ అన్నారట. ఉండేది అపార్ట్‌మెంట్‌లో, ఇంట్లో అమ్మానాన్న ఉన్నారు. ఏది వేయించుకోవాలి?

మీరు అడిగిన శబ్దానికి హెచ్ పైపు. మధ్యలో శబ్దాన్ని మెత్తబరిచే రెసొనేటర్ డబ్బా తీయించి దాని జాగాలో హెచ్ పెట్టించండి. వెనక సైలెన్సర్లు రెండూ కంపెనీవే ఉంచండి. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ల జోలికి అసలు పోకండి. ఎక్స్ పైపు చెడ్డదని కాదు, అది చేసే పని వేరు. ఇక ఇరవై హార్స్‌పవర్ సంగతి. ఒక్క క్రాసోవర్, అంటే ఈ కలిపే ముక్క, మార్చినందుకు అంత రాదు. వచ్చేదేదో సీట్లో కూర్చున్నవాడికి తెలిసేంత ఉండదు. ఆ మాట అన్న షాపువాళ్లను డైనో షీటు, అంటే యంత్రం మీద పవర్ కొలిచిన కాగితం, చూపించమనండి, మీలాంటి బండిదే, పని చేయకముందుదీ చేశాకదీ రెండూ. టాపిక్ వెంటనే మారిపోతుంది.

నా సంగతి కొంచెం చెప్తాను, ఎవరి మాట వింటున్నారో తెలియాలి కదా. బాలానగర్‌లో జనరేటర్ సెట్లకు సైలెన్సర్లు చేసే షెడ్‌లో పని నేర్చుకున్నాను. రాత్రి పూట జనరేటర్ మోగితే పై ఫ్లోర్ వాళ్లు ఫోన్ చేసి తిట్టేది మమ్మల్నే. అందుకని శబ్దాన్ని చంపడం ముందు వచ్చింది, దాన్ని కావలసినట్టు మలచడం కార్ల దగ్గరికి వచ్చాక అలవాటైంది. ఇరవై ఏళ్లు దాటింది. హైదరాబాద్‌లో వీ8 బండ్లు తక్కువ, నా చేతి కిందికి వచ్చినవి ఓ పదిహేను ఉంటాయేమో. అందుకే ఒక్కొక్కటీ గుర్తుంది.

ముందు ఆ గుబగుబ ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి, లేకపోతే పైపు ఏం చేస్తుందో అర్థం కాదు. వీ8లో కుడివైపు నాలుగు సిలిండర్లు, ఎడమవైపు నాలుగు. క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, రెండు చుట్లు తిరిగేలోపు ఎనిమిదీ ఒక్కొక్కసారి పేలతాయి, అంటే ప్రతి 90 డిగ్రీలకు ఒకటి. మొత్తంగా వింటే గోడ గడియారంలా సమానమే. కానీ మీ బండి క్రాంక్ క్రాస్‌ప్లేన్ రకం, ముందు నుంచి చూస్తే దాని మెలికలు ప్లస్ గుర్తులా ఉంటాయి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరస, 1-5-4-8-6-3-7-2. ఫోర్డ్ లెక్కలో 1 నుంచి 4 కుడి వరస, 5 నుంచి 8 ఎడమ వరస. ఇప్పుడు తొడ మీద ఎనిమిది లెక్కల తాళం వేసి చూడండి. కుడి వరస 1, 3, 6, 8 లెక్కల మీద పడుతుంది. ఎడమ వరస 2, 4, 5, 7 మీద.

బోనాల ఊరేగింపులో ఇద్దరు డప్పు కొడుతున్నారనుకోండి. ఒకాయన వదిలేసిన లెక్కలన్నీ రెండో ఆయన నింపుతున్నాడు. వీధి చివర నిలబడితే ఎనిమిది దెబ్బలూ సమానంగా వినిపిస్తాయి. ఒకాయన పక్కకే వెళ్లి నిలబడితే ఆ డప్పు తడబడుతున్నట్టు ఉంటుంది. దెబ్బ, దెబ్బ, ఒక పెద్ద ఖాళీ, దెబ్బ, వెంటవెంటనే రెండు. ఈ తడబాటే మజిల్ కారు శబ్దం. 700 ఆర్‌పీఎంలో నిలబడి ఉన్నప్పుడు ఈ తాళం సెకనుకు దాదాపు ఆరుసార్లు తిరుగుతుంది, కాబట్టి చెవి ఒక్కో దెబ్బనూ పట్టుకుంటుంది. 6,000 ఆర్‌పీఎంలో సెకనుకు 50 సార్లు తిరుగుతుంది, అప్పుడు దెబ్బలు విడిగా వినపడవు, గొంతులో గరుకులా వినిపిస్తుంది.

ఇక పైపుల సంగతి. రెండు వైపుల పైపులూ కలవకుండా చివరిదాకా వెళ్తే రెండు డప్పులూ రెండు గదుల్లో కొట్టినట్టే. తడబాటు పూర్తిగా వినిపిస్తుంది, దాంతోపాటు ఒక పగిలిన రేకు శబ్దం కూడా. ఎడమ వరసలో 4, 5 లెక్కలు వెంటవెంటనే పడినప్పుడు ఆ ఒత్తిడి మొత్తం ఒక్క పైపే మోయాలి, పక్క పైపు మాత్రం అప్పుడు ఖాళీగా ఉంటుంది.

హెచ్ అంటే ఆ రెండు గదుల మధ్య గోడకు కిటికీ పెట్టడం. రెండు పైపుల మధ్య అడ్డంగా ఒక ముక్క, అంతే. ఎక్కువైన ఒత్తిడి కొంత పక్క పైపులోకి జారుతుంది. రేకు శబ్దం తగ్గి గొంతు బొంగురుగా, లోతుగా మారుతుంది. తడబాటు మాత్రం మిగులుతుంది. మీకు కావలసింది ఇదే.

ఎక్స్‌లో గోడే తీసేసినట్టు. రెండు పైపులూ ఒకచోట కలిసి, మళ్లీ విడిపోయి బయటికి వెళ్తాయి. వెనక ఉన్న రెండు గొట్టాలకూ దాదాపు ఎనిమిది దెబ్బలూ అందుతాయి. తడబాటు సర్దుకుంటుంది, శబ్దం నునుపెక్కుతుంది, శ్రుతి పైకి లేచినట్టు అనిపిస్తుంది. 6,000 దగ్గర ఒక్కో వరస సెకనుకు 200 దెబ్బలు, రెండూ కలిస్తే 400. ఆ తేడాయే మీ చెవికి ఆ సన్నటి అరుపు. దీన్ని చాలామంది ఫెరారీ సౌండ్ అని అమ్ముతారు. ఫెరారీ వీ8లో క్రాంకే వేరు, ఫ్లాట్‌ప్లేన్ రకం, అక్కడ ఒక్కో వరస తనంతట తానే సమానంగా కొడుతుంది. షెల్బీ జీటీ350లో ఫోర్డ్ కూడా అలాంటి క్రాంకే వాడింది, అందుకే అది మామూలు మస్టాంగ్‌లా ఉండదు. పైపు ముక్క మార్చినంత మాత్రాన క్రాంక్ మారదు కదా.

కొండాపూర్ నుంచి ఒకాయన మీలాంటి బండే తెచ్చారు. వీడియోలు చూసి వేరేచోట ఎక్స్ వేయించుకున్నారు, పని శుభ్రంగానే ఉంది, వెల్డింగ్‌లో వంక పెట్టడానికి లేదు. "అన్నా, గుబగుబ పోయింది, ఇప్పుడు జుయ్యిమంటోంది" అన్నారు. నేను పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, ఆయన్ని వెనక కూర్చోబెట్టి, రెండు వైపుల గొట్టాల ముందు జానెడు దూరంలో అరచేతులు పెట్టమన్నాను. రెండు చేతులకూ ఒకేలా, టేబుల్ ఫ్యాను గాలిలా తగిలింది. ఎక్స్ ముక్క కోసేసి హెచ్ పెట్టాక, మర్నాడు పొద్దున అదే పరీక్ష. ఈసారి గాలి పొట్టిగా, పొడుగ్గా, ఊపిరి ఆడనట్టు తడబడుతూ తగిలింది. ఆయన చేతులు తీయకుండా అలాగే ఓ నిమిషం కూర్చున్నారు. మీరు కూడా ఎవరి బండికైనా ఈ పరీక్ష చేసుకోవచ్చు, కాకపోతే గొట్టం వేడెక్కకముందే, మూసిన సెల్లార్‌లో కాకుండా బయట.

అందరికీ హెచ్చే అనుకోకండి. ఇంకో కుర్రాడు ఏడాదికి రెండుమూడు సార్లు బండి తీసుకుని చెన్నై ట్రాక్‌కు వెళ్తాడు, సూది 5,000 కింద ఉండటం అతనికి నచ్చదు. అతనికి నేనే ఎక్స్ వేశాను. పై రౌండ్లలో ఎక్స్ ప్రవాహాన్ని కొంచెం మెరుగ్గా లాగుతుంది, ఆ అరుపు కూడా అతనికి ఇష్టం. మీరు మణికొండ నుంచి బయల్దేరి ఖాజాగూడ సిగ్నల్ దాటేసరికి మీ సూది 2,500 దాటదు. రోజులో తొంభై పాళ్లు మీరు వినేది ఆ కింది శబ్దమే, దాన్ని బట్టి పైపు ఎంచుకోండి.

వీడియోల గురించి ఒక మాట. ఫోన్ మైకు కింది స్థాయి శబ్దాన్ని సరిగా పట్టదు, పెద్ద శబ్దం వస్తే తనంతట తానే తగ్గించేస్తుంది. అందుకే వీడియోలో ఎక్స్ పైపు ఎప్పుడూ గెలుస్తుంది, సన్నటి శబ్దం ఫోన్‌కు బాగా ఎక్కుతుంది కాబట్టి. హెచ్ పైపు అందం ఛాతీకి తగిలే చోట ఉంటుంది, ఫోన్ స్పీకర్‌లో అది రానే రాదు. పైగా ఆ వీడియోల్లో సగం కోల్డ్ స్టార్ట్‌లే. చల్లటి ఇంజన్ మొదటి నిమిషం ఎక్కువ రౌండ్ల మీద నడుస్తుంది, ఆ గర్జన చూసి మోసపోకండి. ఎవరి బండైనా దొరికితే పక్కన నిలబడి, వేడెక్కిన తర్వాత వినండి.

ఇంకో సంగతి షాపువాళ్లు చెప్పరు, చెప్తే అమ్మకం తగ్గుతుంది. శబ్దం ఎంత పెద్దదనేది క్రాసోవర్ చేతుల్లో పెద్దగా లేదు. అది వెనక సైలెన్సర్ల చేతుల్లో, ఆ తర్వాత రెసొనేటర్ చేతుల్లో ఉంది. క్రాసోవర్ మార్చేది శబ్దం తీరును. రెసొనేటర్ డబ్బా తీసేస్తున్నారు కాబట్టి మీ బండి కొంత పెద్దగా వినిపిస్తుంది, అది డబ్బా పోయినందువల్ల, హెచ్ వచ్చినందువల్ల కాదు. అది కూడా ఎక్కువనిపిస్తే హెచ్ తర్వాత రెండు పైపులకూ చెరొక చిన్న బుల్లెట్ రెసొనేటర్ వేయించుకోవచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్లున్నారు కాబట్టి నేనైతే మొదటి రోజే వేయిస్తాను.

సైజు గురించి. బజారులో రెండున్నర అంగుళాలు, మూడు అంగుళాలు కనిపిస్తాయి. మూడు అంగుళాలంటే ఏదో ఘనకార్యం అనుకుంటారు. ఇంజన్‌లో వేరే పని ఏమీ చేయించని బండికి ఆ అవసరం లేదు, మీ బండి కిందికి దూరి పైపుకు వెర్నియర్ పెట్టి కొలవండి, అదే సైజులో చేయించండి. అడ్డం ముక్క కూడా దాదాపు ఆ సైజే ఉండాలి. కొందరు మెటీరియల్ మిగులుతుందని అడ్డం ముక్క సన్నగా వేస్తారు, అప్పుడు కిటికీ కాదు, గోడకు చిల్లు పెట్టినట్టు ఉంటుంది. "బ్యాక్ ప్రెషర్ ఉండాలి అన్నా", అంటే పొగకు కొంత అడ్డు ఉండాలి అనే మాట కూడా వినిపిస్తుంది, వదిలేయండి.

ఎక్కడ పెట్టాలి అంటే, ఇంజన్‌కు దగ్గరగా ఉన్నకొద్దీ ప్రభావం ఎక్కువ. పాత అమెరికన్ హాట్‌రాడర్లకు ఒక చిట్కా ఉంది. రెండు పైపుల మీద పొడుగ్గా పెయింట్ గీత గీసి, బండిని గట్టిగా నడిపి, పెయింట్ ఎక్కడ ఎక్కువ కాలి మాడిందో అక్కడ అడ్డం ముక్క పెట్టడం. నేను ఒక్కసారే చేశాను, పెళ్లి బరాత్‌లకు అద్దెకిచ్చే 1960ల ఇంపాలాకు. దానికి క్యాటలిటిక్ కన్వర్టర్లు లేవు, కింద జాగా కావలసినంత, కాబట్టి ఎక్కడైనా పెట్టుకోవచ్చు. షెవర్లే ఫైరింగ్ ఆర్డర్ వేరు, 1-8-4-3-6-5-7-2, సిలిండర్ల నంబర్ల పద్ధతీ వేరు. అయినా తడబాటు లెక్క అదే వస్తుంది. దాని ఓనర్ ముసలాయన, పాతబస్తీ మనిషి, పని అయ్యాక బండి చుట్టూ తిరిగి "అబ్ బోల్‌తీ హై" అన్నాడు, ఇప్పుడు మాట్లాడుతోంది అని. డబ్బులు మాత్రం రెండు నెలల తర్వాత ఇచ్చాడు.

మీ బండికి ఈ చిట్కా అక్కర్లేదు. ముందు కన్వర్టర్లు, పైన గేర్‌బాక్సు, దాని కింద గేర్‌బాక్సును మోసే అడ్డ దూలం, క్రాస్‌మెంబరు. మిగిలిన జాగా ఎంతో అంతే. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను చేసిన మొదటి హెచ్‌ను సరిగ్గా క్రాస్‌మెంబర్ కిందికి వచ్చేలా వేశాను. ర్యాంపు మీద చూస్తే అద్భుతంగా ఉంది. బండిలో అత్యంత కిందున్న భాగం ఇప్పుడు నా పైపే అని గమనించలేదు, రెండు వేళ్ల మందం కిందికి వచ్చింది. ఆయన కాలనీ గేటు ముందు స్పీడ్ బ్రేకర్, మన ఊళ్లో స్పీడ్ బ్రేకర్లు ఎలా ఉంటాయో తెలుసుగా, ఎవరింటి ముందు వాళ్లు కట్టుకున్న అరుగులు. మొదటి రోజే అడ్డం ముక్క సొట్ట పడి, వెల్డింగ్ మూల పగిలి, ఫట్ ఫట్‌మంటూ తిరిగొచ్చింది. మొత్తం కోసేసి, అడ్డం ముక్కను పైపుల మధ్య గీతకు కాస్త పైకి లేపి, క్రాస్‌మెంబర్ వెనక వేశాను. కూలి అడగలేదు, అడిగే మొహం లేదు. అప్పటి నుంచి బండిలో నలుగురిని కూర్చోబెట్టి, నేల మీద నిలబెట్టి, కింద బెత్త పెట్టి చూశాకే ఫైనల్ వెల్డింగ్. మీరు కూడా ర్యాంపు మీదే చూసి సరే అనకండి.

గేర్‌బాక్సు ఆయిల్ పాన్‌కు, దాని ఆయిల్ గొట్టాలకు పైపు తగలకూడదు, దగ్గరగా ఉంటే హీట్ షీల్డ్ పెట్టాలి. రేపు ఆయిల్ మార్చాలంటే పైపు కోయకుండా పాన్ దిగాలి. అందుకే మొత్తం వెల్డ్ చేయించకండి, ముందు రెండు, వెనక రెండు బ్యాండ్ క్లాంపులతో బిగించేలా చేయించండి. కంపెనీ ముక్కను గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టుకోండి. బండి అమ్మేటప్పుడు కావాలి, లేదా మీకే మనసు మారొచ్చు. మారుతుంది కూడా, నలుగురిలో ఒకరికి మారడం చూశాను.

చేతిపని గురించి కొంచెం. పైపు 304 ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్ రకం) అయితే మంచిది, 409 అయినా పర్వాలేదు, బయట కాస్త తుప్పు రంగు వస్తుంది అంతే. మైల్డ్ స్టీల్ వద్దు, మన వానాకాలం రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లలో నాలుగేళ్లు కూడా ఆగదు. వంపులు మాండ్రెల్ బెండ్‌లే అడగండి, అంటే వంచిన చోట పైపు లోపలికి నొక్కుకుపోకూడదు. మా ఉస్తాద్ రోజుల్లో పైపులో ఎండు ఇసుక కూరి, రెండు చివరలా చెక్క బిరడాలు కొట్టి, కొలిమిలో కాల్చి వంచేవాళ్లం. చక్కగానే వచ్చేది, కానీ ఎస్ఎస్‌కు అది పనికిరాదు. ఇప్పుడు రెడీమేడ్ బెండ్ ముక్కలు దొరుకుతాయి, కోసి అతికిస్తే చాలు.

వెల్డింగ్ ఆర్గాన్‌తోనే. పైపు లోపలికి కూడా ఆర్గాన్ వదలమని అడగండి. లేకపోతే లోపలి వైపు నల్లగా మాడి, పంచదార పాకం గడ్డకట్టినట్టు గరుకుగా తేలుతుంది. బయటి నుంచి కనిపించదు, రెండేళ్లకు అక్కడే పగుళ్లు వస్తాయి. మీకు ఇచ్చేముందు ఒక ముక్క లోపలికి టార్చి వేసి చూడండి, వెల్డర్ మొహం చూస్తేనే తెలిసిపోతుంది అతను ఏం చేశాడో. బండికి అమర్చి వెల్డ్ చేయాల్సి వస్తే ముందు బ్యాటరీ టెర్మినల్ తీయించండి, ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, పోతే ఆ ఖర్చు ముందు ఈ పైపుల ఖర్చు ఏపాటి?

ఆక్సిజన్ సెన్సర్లను కదపకండి. అవి కన్వర్టర్ల దగ్గర ఉంటాయి, మీ హెచ్ వాటి తర్వాత వస్తుంది, కాబట్టి చెక్ ఇంజన్ లైటు రాకూడదు. వచ్చిందంటే ముందు జాయింట్లలో లీకు చూడండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, వెనక గొట్టాల్ని మందపాటి గుడ్డతో ఒక్క క్షణం అడ్డుకుంటే లీకున్న చోట బుస్సుమంటుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి, డ్రోన్, అంటే ఒకే శ్రుతిలో ఆగని మోత. ఊళ్లో తెలియదు. నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి వంద దాటాక తెలుస్తుంది. టాప్ గేర్‌లో సూది 1,700, 2,000 మధ్య ఆగుతుంది, ఆ మధ్యలో ఒకచోట బండి మొత్తం తంబూరాలా మోగుతుంది. శబ్దం పెద్దదేం కాదు, కానీ చెవిలో వేలు పెట్టినా ఆగదు. శంషాబాద్ వెళ్లేసరికి తల పట్టేస్తుంది. ఒకాయన వాళ్ల అమ్మగారిని ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్తే ఆవిడ తిరుగు ప్రయాణంలో క్యాబ్‌లో వస్తానన్నారట. మర్నాడే నా దగ్గరికి వచ్చారు.

దీనికి మందు జే పైపు. మెయిన్ పైపు నుంచి ఒక కొమ్మ తీసి, దాని చివర మూసేయడం. శబ్దం ఆ కొమ్మలోకి వెళ్లి, మూసిన చివర తగిలి వెనక్కి వచ్చేసరికి మెయిన్ పైపులోని శబ్దానికి ఎదురై దాన్ని కొట్టేస్తుంది. పొడవు లెక్క ఇలా. 2,000 ఆర్‌పీఎంలో వీ8 సెకనుకు 133 సార్లు పేలుతుంది. 350 డిగ్రీల వాయువులో శబ్దం సెకనుకు సుమారు 500 మీటర్లు వెళ్తుంది. 500ను 133తో భాగిస్తే దాదాపు 3.75 మీటర్లు, అందులో నాలుగో వంతు 94 సెంటీమీటర్లు. ఆయన బండికి సరిగ్గా అంతే చేసి బిగించాను. తీసుకెళ్లి వచ్చి, "1,750 దగ్గర బ్రహ్మాండంగా ఉంది, 2,000 దగ్గర అలాగే మోగుతోంది" అన్నారు.

లెక్క కరెక్టే, వేడి తప్పు. నేను కన్వర్టర్ దగ్గరి వేడి వేశాను. కొమ్మ పెట్టింది వెనక ఇరుసు ముందు, పైగా మూసిన కొమ్మలో వాయువు పారదు, నిలబడి చల్లారుతుంది. టెంపరేచర్ గన్ పెట్టి, లోపల ఎంతుంటుందో అంచనా వేస్తే 200 చిల్లర. ఆ వేడిలో శబ్ద వేగం 435 దగ్గరికి పడిపోతుంది, కావలసిన పొడవు 82 సెంటీమీటర్లు. చివరి మూత కోసి, పన్నెండు సెంటీమీటర్లు తీసేసి, మళ్లీ మూసి అతికించాను. మోత పోయింది. అమ్మగారు మళ్లీ ఎక్కారో లేదో మాత్రం తెలియదు. మీకు డ్రోన్ వస్తే ముందు పైపు కొనకండి, ఏ ఆర్‌పీఎంలో వస్తోందో రాసుకుని, పక్కన ఒకరిని కూర్చోబెట్టి రెండు మూడుసార్లు సరిచూసుకోండి. కంపెనీ సైలెన్సర్లు ఉంచితే చాలావరకు రాదనే నా అనుభవం.

చట్టం సంగతి కూడా చెప్పాలి, నచ్చినా నచ్చకపోయినా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే సెక్షన్ 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది, లైసెన్సు మూడు నెలలు పోతుంది. మోడిఫైడ్ సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్ కింద నలిపే ఫొటోలు పేపర్లో చూసే ఉంటారు. అవి ఎక్కువగా బుల్లెట్ బండ్లవి, కానీ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర రాత్రి పదకొండింటికి మస్టాంగ్ వస్తుంటే ఎవరి చూపు ఎటు తిరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. హెచ్ వేయించినా ఇది మార్పు కిందికే వస్తుంది. నేను కన్వర్టర్లు, సైలెన్సర్లు తీసే పని ఒప్పుకోను, డబ్బులెన్ని ఇస్తానన్నా. "స్ట్రెయిట్ పైపు వేయండి అన్నా" అని వచ్చేవాళ్లకు టీ ఇచ్చి పంపిస్తాను. పని అయ్యాక ఒకసారి పీయూసీ (పొల్యూషన్ పరీక్ష) చేయించి రీడింగ్ చూసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పండి, చెప్పకుండా దాస్తే క్లెయిమ్ రోజున వాళ్లు బండి కిందికి దూరతారు.

ఇరుగుపొరుగు గురించి ఆఖరిగా. నివాస ప్రాంతాల్లో చట్టం పెట్టిన పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటాక 45. మామూలు కారు స్టార్ట్ చేసినా ఆ అంకె దాటేలా ఉంటుంది, కాబట్టి గొడవ వచ్చేది అంకె వల్ల కాదు, వేళ వల్ల. సెల్లార్‌లో మీ పార్కింగ్ ఎక్కడుందో చూసుకోండి. తోక గోడవైపు పెట్టి ఆపితే కాంక్రీటు ఆ శబ్దాన్ని పట్టుకుని లిఫ్టు గుంటలో నుంచి పై ఫ్లోర్ల దాకా పంపుతుంది, జనరేటర్ రోజుల నుంచి ఈ లిఫ్టు గుంటలతో నాకు వైరం. తోక ర్యాంపు వైపు ఉండేలా ఆపండి. స్టార్ట్ చేసి అక్కడే వేడెక్కించకుండా నెమ్మదిగా బయటికి తీసేయండి, వీధిలో మెల్లగా నడుపుతూనే వేడెక్కనివ్వండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: బండిని ర్యాంపు ఎక్కించినప్పుడు గేర్‌బాక్సు క్రాస్‌మెంబర్, రెసొనేటర్ డబ్బా రెండూ ఒకే ఫొటోలో వచ్చేలా తీసి, పక్కన ఒక స్కేలు పెట్టి ఇక్కడ పెట్టండి. అడ్డం ముక్క ఎక్కడ పడుతుందో, ఎంత ఎత్తున పెట్టాలో గీత గీసి చూపిస్తాను. పని ఎక్కడ చేయించుకున్నా ఫర్వాలేదు, నా దగ్గరికే రావాలని లేదు.